మాంటిచెల్లోకి అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకుంటున్నాం, ఏం చూడాలి, ఎలా చూడాలి?

ఆష్‌బర్న్_అనిత

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు నంద్యాల నుంచి వచ్చారు, ఇంకో నెల ఉంటారు. నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. డీసీలో లింకన్ మెమోరియల్, క్యాపిటల్ అన్నీ చూపించాం. అవి చూసి, "ఇవన్నీ తర్వాత కట్టిన గుర్తులమ్మా. ఆ మనుషులు కాపురం చేసిన ఇల్లు చూడాలి" అంటున్నారు.

మాకు జార్జ్ వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ దగ్గర, గంట ప్రయాణం. స్వాతంత్ర్య ప్రకటన రాసిన మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లో అయితే షార్లెట్స్‌విల్ దాకా వెళ్లాలి, రెండు రెండున్నర గంటలు. ఒకటే వీలవుతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. ఆవిడకు చరిత్ర కన్నా మొక్కలంటే ప్రాణం. ఏది మంచిదంటారు?

సత్తెనపల్లి_శ్రీను

మౌంట్ వెర్ననే అండి, రెండో ఆలోచన వద్దు. దూరం తక్కువ, పెద్దవాళ్లు అలసిపోరు. ఇంటి వెనక పొడుగాటి వసారా ఉంటుంది. అక్కడ వరసగా వేసిన కుర్చీల్లో కూర్చుంటే ఎదురుగా పొటోమాక్ నది. అవతలి ఒడ్డున ఈనాటి కట్టడాలేవీ అడ్డు రాకుండా కాపాడుకుంటూ వచ్చారు. వాషింగ్టన్ చూసిన నదినే మనమూ చూస్తాం.

బయటి గోడలు దూరానికి రాతి దిమ్మల్లా కనిపిస్తాయి, దగ్గరికెళ్తే చెక్క. చెక్కను దిమ్మల ఆకారంలో చెక్కి, తడి రంగు మీద ఇసుక చల్లారు. హాల్లో గోడకు ఒక పెద్ద తాళంచెవి ఉంటుంది, అది మాత్రం నాన్నగారికి చూపించండి. పారిస్‌లో బాస్టీల్ కోట కూలినప్పటిది. ఫ్రెంచి సేనాని లఫాయెత్ వాషింగ్టన్‌కి కానుకగా పంపాడు. ఫ్రెంచి విప్లవం పాఠం చెప్పిన మాస్టారు ఆ తాళంచెవి ముందు నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాషింగ్టన్ 1799 డిసెంబరు 14న చనిపోయిన మంచం, ఆయన సమాధి కూడా అక్కడే ఉన్నాయి.

రిచ్‌మండ్_రమాదేవి

శ్రీను గారు చెప్పినవన్నీ నిజమే. అయినా నా ఓటు మాంటిచెల్లోకే. మా ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా అక్కడికే తీసుకెళ్తాను.

మౌంట్ వెర్నన్‌లో వాషింగ్టన్ హోదా కనిపిస్తుంది. మాంటిచెల్లోలో జెఫర్సన్ బుర్ర కనిపిస్తుంది. 1769లో కొండ నెత్తిన కట్టడం మొదలుపెట్టాడు. ఫ్రాన్స్‌లో రాయబారిగా ఉండి వచ్చాక అక్కడి భవనాలు మనసులో మెదిలి, 1796 నుంచి చాలా భాగం పడగొట్టించి మళ్లీ కట్టించాడు. 1809 దాకా పని సాగుతూనే ఉంది. అమెరికా ఐదు సెంట్ల నాణెం వెనక 1938 నుంచి వస్తున్న ఇల్లు ఇదే. యునెస్కో వారసత్వ జాబితాలో 1987లో చేరింది.

లోపలికి అడుగు పెట్టగానే పెద్ద గడియారం. దాని బరువులు ఫిరంగి గుండ్లలా తాళ్లకు వేలాడుతూ గోడ పక్కన దిగుతుంటాయి. గోడ మీద వారాల పేర్లు రాసుంటాయి, గుండు ఏ పేరు దగ్గరుంటే ఆ రోజు ఆ వారం. గది ఎత్తు చాలక నేలకు కన్నం పెట్టారు, శనివారం కింది నేలమాళిగలో ఉంటుంది! అదే గడియారానికి ఇంటి బయట ఇంకో ముఖం ఉంది. దానికి గంటల ముల్లు ఒక్కటే. పొలంలో పనిచేసేవాళ్లకు అది చాలనుకున్నాడు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఆ పొలంలో పనిచేసేవాళ్లెవరు? 5,000 ఎకరాల ఎస్టేటు అది. జెఫర్సన్ జీవితకాలంలో ఆయన సొత్తుగా బతికిన బానిసలు 600 మందికి పైనే. "మనుషులంతా పుట్టుకతో సమానులే" అని 1776లో రాసిన చెయ్యి, ఆ మనుషుల పేర్లను గొర్రెలు, దుప్పట్ల లెక్కలు రాసిన దస్త్రంలోనే రాసుకుంది. ఎవరికి ఎన్ని గజాల బట్ట ఇచ్చారో, ఎవరికి బిడ్డ పుట్టిందో అన్నీ ఆయన చేతిరాతలోనే ఉన్నాయి. అందుకే ఈరోజు వాళ్ల పేర్లు మనకు తెలుస్తున్నాయి.

కాబట్టి నా సలహా: ముందు ఇంట్లోకి వెళ్లకండి. ఇంటి పక్కన మల్బరీ రో అని ఒక దారి ఉంటుంది. వడ్రంగి పని, కమ్మరి పని, నేత పని, బానిసల గుడిసెలు అన్నీ ఆ దారి వెంటే ఉండేవి. అక్కడ బానిసత్వం గురించి చెప్పే టూర్ ఒకటి ఉంటుంది. ముందు అది వినండి, తర్వాత ఇల్లు చూడండి. అప్పుడా గడియారం, కిటికీలు, తలుపులు, బల్లలు వేరేగా కనిపిస్తాయి.

గోదారి_కుర్రాడు

రమాదేవి గారూ, గౌరవంగానే ఒక మాట. మేము కిందటేడాది వెళ్లాం. నాకు అర్కిటెక్చర్ అంటే పిచ్చి. గోపురం గురించి, ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో ప్రభావం గురించి వినాలని వెళ్లాను. గైడ్ ప్రతి గదిలోనూ బానిసల సంగతే ఎత్తుతున్నారు. చరిత్రను దాచమనడం లేదు. కానీ ప్రపంచంలో ఏ కోట, ఏ రాజభవనం కూలీలు లేకుండా లేచింది? మత స్వేచ్ఛ చట్టం రాసినవాడు, యూనివర్సిటీ కట్టినవాడు. 1815లో దాదాపు 6,500 పుస్తకాలు ప్రభుత్వానికి అమ్మితే దాంతో కాలిపోయిన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మళ్లీ ప్రాణం పోసుకుంది. ఆ గొప్పతనం చూడ్డానికి పెద్దవాళ్లు సముద్రాలు దాటి వస్తారు. రోజంతా బాధపడి ఇంటికి రావాలా?

కరీంనగర్_మల్లన్న

తమ్మీ, నీ మాట అర్థమైంది గానీ, నేను మా నాయినను తీసుకపోయిన ముచ్చట చెప్త.

మా తాత దొర దగ్గర వెట్టి చేసినోడు. మా ఊళ్లె గడీ ఇప్పటికీ ఉన్నది, గోడలు సగం కూలినయి. చిన్నప్పుడు నాయిన నన్ను ఆ గడీ ముంగట్నుంచి తీసుకపోతుంటే ఏమీ మాట్లాడకపోతుండె. మల్బరీ రోలో మేకుల కొలిమి ఉన్న జాగ చూపిస్తరు. 1794ల పెట్టిండ్రట. పది నుంచి పదహారేండ్ల పిలగాండ్లు పొద్దుగాల నుంచి మేకులు కొట్టుడు, అందరు కలిసి రోజుకు ఎనిమిది నుంచి పది వేల మేకులు తీస్తుండె. ఏ పోరడు ఎంత ఇనుము తీసుకున్నడు, ఎన్ని మేకులు చేసిండు, ఎంత ఖరాబు చేసిండు అని జెఫర్సనే తూకమేసి లెక్క రాసుకున్నడు.

గైడ్ ఆ పిలగాండ్ల పేర్లు చదువుతుంటే నేను తెలుగుల చెప్పిన. మా నాయిన ఆడ్నే నిలబడ్డడు. "మన గడీ కట్టినోళ్ల పేర్లు ఎవ్వరన్న రాసి పెట్టిండ్రా?" అని అడిగిండు. నా దగ్గర జవాబు లేదు. ఆయన ఆ దినం బాధపడ్డడంటే నేనొప్పుకోను. అమెరికాల చూసినయాటన్నిట్ల ఆయనకు యాదికున్నది అదొక్కటే. అనితమ్మా, మీ నాయిన సోషల్ సార్ అంటున్నవ్ గద, తప్పకుండ మాంటిచెల్లోకే తీసుకపో.

రిచ్‌మండ్_రమాదేవి

మల్లన్న గారూ, మీ నాన్నగారి ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు.

గోదారి తమ్ముడూ, నువ్వు చెప్పిన అర్కిటెక్చరే తీసుకుందాం. భోజనాల గదిలో పొయ్యి పక్కన చిన్న తలుపులు చూశావు కదా. కింది సెల్లార్ నుంచి వైన్ సీసాలు తాడు మీద పైకొచ్చే ఏర్పాటు. ఇంకో పక్క గిరగిర తిరిగే తలుపు, దానికి అరలు. వంటకాలు అటు నుంచి అరల్లో పెట్టి తిప్పితే ఇటొస్తాయి. చూసినవాళ్లంతా "ఎంత తెలివి" అంటారు. ఆ తెలివి దేనికోసం? వడ్డించే మనుషులు విందు గదిలో కనపడకుండా ఉండటానికి. అటువైపు నిలబడ్డ మనిషిని తీసేస్తే ఆ తలుపు ఎందుకుందో ఎలా చెప్తాం? ఈ ఇంట్లో అర్కిటెక్చర్‌నీ బానిసత్వాన్నీ విడదీసి చెప్పడం కుదరదు. గైడ్ ప్రతి గదిలోనూ ఆ మాట ఎత్తడానికి కారణం ఇదే.

ఆ వంటలు వండినదెవరో కూడా తెలుసు. జేమ్స్ హెమింగ్స్‌ను జెఫర్సన్ పారిస్ తీసుకెళ్లి ఫ్రెంచి వంట నేర్పించాడు. తిరిగొచ్చాక తన తమ్ముడు పీటర్‌కు ఆ వంటంతా నేర్పి, 1796లో జేమ్స్ స్వేచ్ఛ పొందాడు. తనకు బదులు తమ్ముడిని వంటింట్లో నిలబెట్టాకే ఆయన బయటికి రాగలిగాడు.

షార్లెట్స్‌విల్_పద్మజ

నేను ఈ ఊళ్లోనే ఉంటాను కాబట్టి ప్రయాణం సంగతులు చెప్తాను.

టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, హౌస్ టూర్‌కి టైము ఉంటుంది. కింద విజిటర్ సెంటర్ దగ్గర కారు పెట్టాలి, అక్కడి నుంచి షటిల్ బస్సు కొండ మీదికి తీసుకెళ్తుంది. అమ్మగారిని నడిపించొద్దు. మామూలు టూర్ కింది అంతస్తు మాత్రమే. పై అంతస్తులకు, గోపురం గదికి వేరే టికెట్టు, మెట్లు చాలా ఇరుకు, నిటారు. మోకాళ్ల నొప్పులతో వద్దే వద్దు. జెఫర్సన్‌కి పెద్ద మెట్ల వరస అంటే జాగా దండగ, డబ్బు దండగ అని అభిప్రాయం. అందుకే అంత పెద్ద ఇంట్లో మెట్లు మూలకు నక్కి ఉంటాయి.

ఇంటి రెండు రెక్కల కింద నేలమాళిగ దారులున్నాయి, వంటిల్లు, సెల్లార్లు అక్కడే. దక్షిణం వైపు రెక్కలో శాలీ హెమింగ్స్ గది ఉంది, 2018లో తెరిచారు. ఆమె జెఫర్సన్ భార్యకు తండ్రి వైపు చెల్లెలే, అయినా బానిస. ఆమె పిల్లల తండ్రి జెఫర్సనే అని 1998 డీఎన్‌ఏ పరీక్ష తర్వాత ఇప్పుడు ఆ ఇంటిని నడిపే ఫౌండేషన్ కూడా ఒప్పుకుంటుంది. గదిలో సామాను ఏమీ ఉండదు. ఆమె కొడుకు మాడిసన్ హెమింగ్స్ 1873లో చెప్పిన మాటలే గోడల మీద కదులుతాయి.

ఇక అమ్మగారి కోసం తోట. కొండ వాలును తొలిచి చదును చేసిన 1,000 అడుగుల కూరగాయల మడి, ఈ చివర నిలబడి చూస్తే నీలం కొండలు. జెఫర్సన్‌కి అన్నిటికన్నా బఠాణీ ఇష్టం. మనకు ముద్దొచ్చేది వేరే, బెండ మొక్కలు. బెండ ఆఫ్రికా నుంచి బానిసల వెంట ఈ నేలకు వచ్చింది. నువ్వులూ అంతే. నువ్వుల నూనె రుచి చూసి జెఫర్సన్ మురిసిపోయి తన పొలంలో వేయించాడు, గానుగ కోసం కూడా పాట్లు పడ్డాడు. వేసవి చివర్లో వెళ్తే బెండ పూత, కాయ రెండూ కనిపిస్తాయి.

శాకాహారులైతే తిండి వెంట తెచ్చుకోవడం మంచిది. దగ్గరి మిచీ టావెర్న్ పాతకాలపు పూటకూళ్లిల్లు, చూడ్డానికి బాగుంటుంది, కానీ అక్కడ పేరు పడ్డది వేయించిన కోడి.

ఫెయిర్‌ఫాక్స్_మోహన్

ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. మాంటిచెల్లో మెట్ల ముందు ప్రతి జులై 4న కొత్త పౌరులకు ప్రమాణం చేయిస్తారు, 1963 నుంచి జరుగుతోంది. నేను పౌరసత్వం తీసుకున్నది అక్కడే. ఎండ మండిపోతోంది. నా పక్కన ఇథియోపియా నుంచి వచ్చిన పెద్దాయన, వెనక నేపాలీ కుటుంబం. జడ్జి గారు ఒక్కో దేశం పేరు చదువుతుంటే ఆ దేశం వాళ్లు లేచి నిలబడ్డారు. ఇండియా అన్నప్పుడు నేనూ లేచాను.

ప్రమాణం అయ్యాక అందరూ ఫొటోలు దిగుతుంటే నేను మల్బరీ రో మీదుగా నడిచాను. నాకు వీసా, గ్రీన్‌కార్డు, ఎదురుచూపులు అన్నీ అయ్యాక ఒక కాగితం దొరికింది. ఇదే నేల మీద పుట్టి, ఇదే ఇల్లు కట్టి, తాతముత్తాతల నుంచి ఉన్నవాళ్లకు ఆ కాగితం ఇవ్వలేదు. ఆ రోజు నాకు గర్వంగానే ఉంది, ఆ గర్వం ఎవరి కష్టం మీద నిలబడిందో కూడా తెలిసింది. గోదారి గారూ, రెండూ కలిసి మోయొచ్చండి.

ఆష్‌బర్న్_అనిత

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వెళ్లొచ్చాం. రమాదేవి గారు చెప్పినట్టే ముందు మల్బరీ రో, తర్వాత ఇల్లు.

అమ్మ సంగతి ముందు చెప్తాను. తోటలో బెండ మొక్క దగ్గర వంగి ఆకు వెనక్కి తిప్పి పురుగుందేమో చూసింది! అక్కడ పనిచేస్తున్న అమ్మాయితో నేను మధ్యలో ఉండి మాట్లాడించాను. గింజ ఎప్పుడు నాటతారు, నీళ్లెట్లా పెడతారు అని ఒకటే ప్రశ్నలు. "ఇంత తోటకి నీళ్లు కొండ మీదికి ఎవరు మోశారే?" అని అడిగింది. గైడ్‌ని అడిగితే, కొండ మీద నీళ్లకు ఎప్పుడూ ఇబ్బందేనని, వాననీళ్లు పట్టే తొట్లు కట్టించినా చాలేవి కావని చెప్పారు. మోసినవాళ్లు ఎవరో అప్పటికే అమ్మకు అర్థమైంది.

నాన్న గడియారం దగ్గర చిన్నపిల్లాడైపోయారు. జెఫర్సన్ ఉత్తరం రాస్తుంటే రెండో కలం దానంతటదే నకలు రాసే యంత్రం చూసి ఇంకా సంబరపడ్డారు. టూర్ అంతా అయ్యాక మాత్రం ఒక్కటే ప్రశ్న పట్టుకున్నారు: "ఆయన పోయాక వీళ్లంతా ఏమయ్యారు?" గైడ్ చెప్పినది కొంత విన్నాను, పూర్తిగా అందలేదు. వాషింగ్టన్ తన బానిసలను విడిచిపెట్టాడట కదా, మరి జెఫర్సన్? తెలిసినవాళ్లు చెప్తే నాన్నకు చదివి వినిపిస్తాను.

రిచ్‌మండ్_రమాదేవి

మాస్టారు అసలు ప్రశ్న పట్టుకున్నారు, అనితా.

జెఫర్సన్ 1826 జులై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున పోయాడు. అప్పులు లక్షా ఏడు వేల డాలర్లు. వీలునామాలో ఐదుగురు మగవాళ్లకు స్వేచ్ఛ ఇచ్చాడు, ఐదుగురూ హెమింగ్స్ వంశం వాళ్లే. మిగతావాళ్లను అప్పుల కింద 1827 జనవరిలో ఆ ఇంటి ముందే వేలం వేశారు, 130 మందిని. బల్లలు, కుర్చీలు, పశువులతో పాటు.

ఆ ఐదుగురిలో ఒకడు కమ్మరి జోసెఫ్ ఫాసెట్. ఆయనకు స్వేచ్ఛ వచ్చింది. ఆయన భార్య ఈడిత్ వైట్ హౌస్‌లో ఫ్రెంచి వంట నేర్చుకుని జెఫర్సన్ పోయేదాకా ఆయనకు వండిపెట్టిన మనిషి. ఆమెకూ పిల్లలకూ స్వేచ్ఛ రాలేదు. వేలంలో తలో చోటికీ పోయారు. జోసెఫ్ కొలిమి పని చేసుకుంటూ కూడబెట్టి భార్యనూ కొందరు పిల్లలనూ కొనుక్కున్నాడు. కొడుకు పీటర్‌కు అప్పుడు పదకొండేళ్లు, అతను చాలా ఏళ్లు బానిసగానే ఉండిపోయాడు. తర్వాత స్వేచ్ఛ పొంది సిన్సినాటీలో పాస్టర్ అయ్యాడు. 1900లో, ముసలితనంలో, మాంటిచెల్లోకి అతిథిగా వచ్చి ముందు తలుపు గుండా లోపలికి నడిచాడు.

సత్తెనపల్లి_శ్రీను

వాషింగ్టన్ సంగతి నేను చెప్తాను. ఆయన పోయేనాటికి మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలు. అందులో ఆయన సొంతం 123 మంది, వాళ్లను విడిచిపెట్టమని వీలునామాలో రాశాడు. భార్య మార్తా పోయాక అని రాసినా, ఆవిడ 1801 జనవరి 1నే విడిపించింది. మిగతావాళ్లలో 153 మంది ఆవిడ మొదటి భర్త ఆస్తి కింద వచ్చినవాళ్లు. వాళ్లను విడిపించే హక్కు చట్టప్రకారం దంపతులిద్దరికీ లేదు, వారసుల మధ్య పంచేశారు. ఈ రెండు గుంపుల మధ్యా పెళ్లిళ్లయ్యాయి. అంటే ఒకే ఇంట్లో తండ్రికి స్వేచ్ఛ, తల్లీ పిల్లలకు లేదు. వాషింగ్టన్ సమాధికి దగ్గర్లోనే బానిసల శ్మశానం ఉంది, స్మారకం కూడా ఉంది. మౌంట్ వెర్నన్ వెళ్లేవాళ్లు అది చూడకుండా వెనక్కి రాకండి.

గోదారి_కుర్రాడు

అనిత గారి పోస్టు, తర్వాతవీ రెండుసార్లు చదివాను. వాస్తు గురించి వేరేగా ఒక టూర్ ఉండాలని ఇప్పటికీ అంటాను. కానీ ఆ తిరిగే తలుపు గురించి రమాదేవి గారు చెప్పినది కాదనలేను. ఒక ప్రశ్న: ఆ ఇల్లు వేలం తర్వాత పాడుబడలేదా? ఇంత బాగా ఎలా నిలిచింది?

షార్లెట్స్‌విల్_పద్మజ

పాడుబడేదే. 1834లో యురయా లెవీ అనే నౌకాదళ అధికారి కొన్నాడు. యూదుడు. జెఫర్సన్ మత స్వేచ్ఛ కోసం నిలబడ్డాడన్న అభిమానంతో కొన్నాడు. ఆయన, తర్వాత ఆయన తమ్ముడి కొడుకు, దాదాపు తొంభై ఏళ్లు ఆ ఇంటిని నిలబెట్టారు. లెవీ తల్లి రేచల్ సమాధి మల్బరీ రో పక్కనే ఉంది, చాలామంది గమనించకుండా దాటిపోతారు. 1923లో ఫౌండేషన్ కొనుక్కుంది. నీ మత స్వేచ్ఛ చట్టం ఆ ఇంటికే కలిసొచ్చింది తమ్ముడూ.

ఫెయిర్‌ఫాక్స్_మోహన్

ఇంకో చోటు కూడా ఉంది. అనిత గారూ, నాన్నగారికి ఓపిక ఉంటే ఇంకోసారి మాంట్‌పెలియర్ తీసుకెళ్లండి, నాలుగో అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ ఇల్లు, షార్లెట్స్‌విల్ కన్నా మీకు దగ్గర. రాజ్యాంగం గురించి ఆయన ఆలోచించింది ఆ ఇంట్లోనే. కింది సెల్లార్‌లో 2017 నుంచి బానిసత్వం మీద ప్రదర్శన ఉంది. అక్కడి ఇటుకల్లో కొన్నిటి మీద వేలిముద్రలు కనిపిస్తాయి, పచ్చి ఇటుక ఆరకముందే పట్టుకున్న పిల్లలవి. సోషల్ మాస్టారికి అది చూపించాల్సిందే.

ఆష్‌బర్న్_అనిత

నాన్నకు అన్నీ చదివి వినిపించాను. ఫాసెట్ కుటుంబం గురించి మళ్లీ చదివించుకున్నారు. మాంట్‌పెలియర్‌కి వచ్చే శనివారం బయల్దేరుతున్నాం, అమ్మ కూడా వస్తానంటోంది. మా బాబుకి తొమ్మిదేళ్లు, వాడిని తీసుకెళ్లొచ్చా, లేక ఇంకా చిన్నవాడంటారా?

రిచ్‌మండ్_రమాదేవి

తప్పకుండా తీసుకెళ్లు. కొలిమిలో మేకులు కొట్టిన పిల్లల్లో చిన్నవాళ్లు వాడికన్నా ఏడాది పెద్దవాళ్లంతే. అక్కడ నువ్వు మాట్లాడకు, ముందు వాడిని ఆ ఇటుకలు చూడనియ్యి. వాడే అడుగుతాడు, అప్పుడు తాతగారిని చెప్పమను.